చెన్నై రేవు నుంచి చంటిపిల్లతో క్రూజ్: బుకింగ్ నుంచి దిగేదాకా

క్రూజ్‌కి వెళ్తున్నామని చెప్పగానే నెల్లూరు నుంచి మా అత్తయ్య ఫోన్లో అన్న మొదటి మాట: "నడిసముద్రంలో పిల్లకి జ్వరమొస్తే ఏం చేస్తావే?" రెండో మాట: "నీళ్లు మారితే దానికి పడవు." మూడోది దిష్టి గురించి. అప్పుడు మా చిన్నదానికి ఏడాది పది నెలలు. పెరంబూరులో మా ఫ్లాట్ నుంచి రేవుకి ట్రాఫిక్ లేకపోతే అరగంట. అయినా ఆ ఐదు రాత్రుల కోసం నేను పడ్డ హైరానా, ఆఫీసు పనిమీద ఆర్నెల్లు అమెరికా వెళ్లినప్పుడు మా ఆయన కూడా పడలేదు.

వెళ్లొచ్చాక నాకు బోధపడింది ఒకటుంది. పెద్దవాళ్ల క్రూజ్ రేవుల చుట్టూ తిరుగుతుంది, చంటిపిల్లలున్నవాళ్ల క్రూజ్ నిద్ర చుట్టూ తిరగాలి. ఓడలో ఉన్న అసలు సుఖం, గది మన వెంటే రావడం. ఊరు మారుతుంది కానీ మంచం మారదు. పాలసీసా, దుప్పటి, చెవి తెగిన కుందేలు బొమ్మ ఒకసారి సర్దిపెడితే దిగేదాకా అక్కడే ఉంటాయి. ఈ సుఖాన్ని వాడుకునేలా ప్లాన్ చేసుకోవాలి. క్యాసినో, అర్ధరాత్రి డీజే మనకెలాగూ దక్కవు, వాటిని చూసి డబ్బు కట్టకండి.

1. ఏ ఓడ, ఎన్ని రాత్రులు

చెన్నై నుంచి నేరుగా ఎక్కే క్రూజ్ కొత్త ముచ్చటే. 2022 జూన్ 4న ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపి కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ ఓడని సాగనంపారు. విశాఖపట్నం, పుదుచ్చేరి పేర్లు ఆ మొదటి ప్రయాణాల్లోనే వినిపించాయి. మరుసటేడు జూన్‌లో ఇదే ఓడ శ్రీలంక వైపు, అంటే హంబన్‌తోట, ట్రింకోమలీ, కంకేసంతురైలకు తిరగడం మొదలుపెట్టింది. ఓడ కొత్తది కాదు. 1990లో రాయల్ కరీబియన్ కోసం నార్డిక్ ఎంప్రెస్ పేరుతో కట్టారు. అందుకే ఇప్పటి భారీ ఓడల ఫొటోలు చూసి అదే ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. పిల్ల వెనక పరిగెత్తాల్సిన మనకి మాత్రం చిన్న ఓడే మేలు.

నైరుతి రుతుపవనాలకి అరేబియా సముద్రం పోటెత్తే నెలల్లో ముంబై వైపు ఓడలు నడపడం కష్టం. ఆ రోజుల్లోనే ఓడ ఇటు తూర్పు తీరానికి వస్తుంది. కాబట్టి చెన్నై నుంచి అవకాశం ఎక్కువగా జూన్ మొదలు రెండు మూడు నెలలే. తేదీలు, రేవులు ఏటా మారతాయి, ఆ సీజన్ పట్టిక చూసుకున్నాకే సెలవు పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుఫాన్ల కాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్‌కి వేళచ్చేరి మునిగిన సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో పసిపిల్లతో బంగాళాఖాతం మీదకి వెళ్లాలని సరదాపడొద్దు.

రెండో దారి సింగపూర్. చెన్నై నుంచి సుమారు నాలుగు గంటల విమానం, అక్కడ మెరీనా బే క్రూజ్ సెంటర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి రావడం. ఖర్చు ఎక్కువే కానీ ఓడలు పెద్దవి. రాయల్ కరీబియన్ వాళ్ల కొన్ని ఓడల్లో ఆరు నెలల నుంచి 36 నెలల పిల్లల కోసం గంటకింత చొప్పున తీసుకునే నర్సరీ ఉంటుంది. మూడేళ్లు నిండి, డైపర్ మానేస్తేనే పెద్ద పిల్లల క్లబ్బులోకి రానిస్తారు. "కిడ్స్ క్లబ్ ఉంది కదా, మనిద్దరం హాయిగా కూర్చోవచ్చు" అనుకుని బుక్ చేసేవాళ్లు ఈ ఒక్క నిబంధన దగ్గరే బోల్తా పడతారు.

అండమాన్‌కి చెన్నై నుంచి వెళ్లే ప్రభుత్వ ప్రయాణికుల ఓడని క్రూజ్ అనుకోకండి. అది రవాణా. రెండున్నర రోజుల ప్రయాణం. పెళ్లి కాకముందు వెళ్తే జ్ఞాపకం, చంటిపిల్లతో వెళ్తే శిక్ష.

వయసు సంగతి. రాయల్ కరీబియన్ కనీసం ఆరు నెలలు నిండాలంటుంది. మహాసముద్రం దాటే ప్రయాణాలకి, వరసగా మూడు రోజులు అంతకు మించి నీళ్ల మీదే ఉండేవాటికి ఏడాది నిండాలి. మిగతా కంపెనీల నిబంధన బుకింగ్ పేజీలోనే ఉంటుంది, ఎక్కే రోజుకి వయసు లెక్కేసుకోండి. రెండో కాన్పుకి ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి. 24వ వారంలోకి వచ్చిన గర్భిణుల్ని చాలా కంపెనీలు ఎక్కనివ్వవు.

నన్నడిగితే అన్నిటికన్నా కష్టమైన వయసు పదకొండు నెలల నుంచి ఏడాదిన్నర దాకా. అప్పుడప్పుడే అడుగులు పడుతుంటాయి, కింద ఓడ ఊగుతుంటుంది. పాకే వయసులోనో, నడక స్థిరపడ్డాకో వెళ్లండి. మొదటిసారికి మూడు నాలుగు రాత్రులు సరిగ్గా సరిపోతాయి. రెండు రాత్రులైతే మొదటిది కొత్తచోటుకి అలవాటుపడటానికి, రెండోది సర్దుకోవడానికే అయిపోతుంది.

బుక్ చేసేముందు చేసే పరీక్షకి ముట్టుకాడు పడవ షికారు పనికిరాదు, ఆ నీళ్లు కదలవు. తిరుమల ఘాట్ రోడ్డే అసలు పరీక్ష. ఆ మలుపుల్లో పిల్ల నవ్వుతూ కూర్చుంటే ఓడలో మీకు బెంగ అక్కర్లేదు. వాంతి చేసుకుంటే కింద నాలుగో భాగం రెండుసార్లు చదవండి.

2. బుకింగ్‌లో అడగాల్సినవి

ఒళ్లో కూర్చునే పిల్లే కదా, తర్వాత చేర్చుకుందాంలే అనుకోవద్దు. లైఫ్‌బోట్‌లో పసిపిల్ల కూడా ఒక మనిషి కిందే లెక్క. ఓడలో ఎంతమంది ఎక్కొచ్చన్నది ఆ లెక్క మీదే ఉంటుంది. అందుకే ఇద్దరి గదిలోకి మూడో పేరుని చివర్లో చేర్చబోతే, గదిలో చోటున్నా కుదరదనొచ్చు. మొదటిరోజే పిల్ల పేరుతో సహా బుక్ చేయండి. టికెట్ ధరకి తోడు రేవు రుసుములు, సర్వీస్ చార్జీ, పన్ను విడిగా పడతాయి. పిల్లకి ఇవి ఎంత పడతాయో ముందే అడగండి.

గది ఎంపికలో నాకూ మా ఆయనకీ వారం గొడవ. ఆయనకి బాల్కనీ కావాలి, నాకు కిటికీ లేని లోపలి గది చాలు. లోపలి గది చవక, పైగా తలుపు వేస్తే పట్టపగలు కూడా చిమ్మచీకటి, పిల్ల మధ్యాహ్నం రెండున్నర గంటలు పడుకుంటుంది. చిక్కల్లా, తెల్లారిందో లేదో మనకే తెలీదు. ఒక చిన్న నైట్ ల్యాంప్ తీసుకెళ్లండి. బాల్కనీ తీసుకుంటే పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ ఆ తలుపు గడియ మీద ఒక కన్ను ఉండాల్సిందే. బాల్కనీలో కుర్చీని కమ్మీల దగ్గర ఒక్క నిమిషం కూడా వదలొద్దు. మధ్యేమార్గంగా మేం తెరుచుకోని కిటికీ ఉన్న గది తీసుకున్నాం. సముద్రం కనిపిస్తుంది, భయం లేదు.

గది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఉండేలా అడగండి. ముక్కు, తోక చివర్లలో ఊపు ఎక్కువ, పై అంతస్తుల్లో ఇంకా ఎక్కువ. డీజే హాలు కిందా, వంటగది మీదా పడకుండా, ఏ అంతస్తులో ఏముందో చూపించే డెక్ ప్లాన్ బొమ్మ తెరిచి చూసుకోండి. పిల్ల తొట్టి మంచం అడిగితే ఇస్తారు, కానీ ఉన్నవి కొన్నే, బుకింగ్‌తోపాటే రాయించుకోవాలి. రాత్రి భోజనానికి రెండు విడతలుంటే కళ్లుమూసుకుని ముందు విడతే.

3. కాగితాలు

దేశం దాటని ప్రయాణమైతే పెద్దవాళ్లకి ఆధార్ లాంటి ఫొటో గుర్తింపు, పిల్లకి జనన ధ్రువపత్రం లేదా అయిదేళ్లలోపు వాళ్లకిచ్చే నీలిరంగు బాల ఆధార్. అసలు కాగితాలే పట్టుకెళ్లండి. చాలామంది ఇళ్లలో జనన ధ్రువపత్రం మీద ఇంకా పిల్ల పేరే ఎక్కి ఉండదు, తల్లి పేరుకి ముందు "బేబీ ఆఫ్" అని ఉంటుంది. మాదీ అంతే. నామకరణం ఘనంగా చేశాం, కార్పొరేషన్‌లో పేరు ఎక్కించడం మాత్రం మర్చిపోయాం. టికెట్ మీద పేరు, కాగితం మీద పేరు ఒకటి కావాలి కాబట్టి ఇది నెల ముందే సరిచేసుకోండి.

శ్రీలంక, సింగపూర్ వైపు వెళ్లాలంటే పిల్లకి పాస్‌పోర్టు తప్పనిసరి. మైనర్ పాస్‌పోర్టుకి అయిదేళ్ల గడువు. రుసుము 1000 రూపాయలు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకి అందులో 10 శాతం తగ్గింపు. అనెక్సర్-డి అనే తల్లిదండ్రుల ఒప్పుకోలు పత్రం మీద ఇద్దరూ సంతకం చేయాలి. నాలుగేళ్లలోపు పిల్లలకి పాస్‌పోర్టు కేంద్రంలో ఫొటో తీయరు, తెల్లటి వెనకభాగంతో తీయించిన ఫొటో మనమే పట్టుకెళ్లాలి. సాలిగ్రామం కేంద్రానికి మేం వెళ్లింది పిల్ల నిద్రపోయే వేళకి. అది నా తెలివితక్కువతనం, మీరు పొద్దున స్లాట్ తీసుకోండి. సింగపూర్‌లో ఎక్కి, వేరే దేశాలు తిరిగి, మళ్లీ సింగపూర్‌లోనే దిగుతారు కాబట్టి వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేదై ఉండాలి.

4. డాక్టర్, మందులు, కడుపులో తిప్పడం

మా అత్తయ్య ప్రశ్నకి జవాబు: ఓడలో డాక్టరు ఉంటారు, నర్సు ఉంటారు, చిన్న ఆస్పత్రి ఉంటుంది. పిల్లల స్పెషలిస్టు ఉంటారని మాత్రం ఆశించొద్దు. చూపించుకుంటే బిల్లు కూడా ఘాటుగానే ఉంటుంది. అందుకే బయల్దేరే రెండు వారాల ముందు మీ పిల్లల డాక్టరు దగ్గరికెళ్లి నాలుగు పనులు చేసుకోండి. టీకాలు బాకీ ఉంటే పూర్తిచేయడం, పిల్ల బరువు తూయించడం, ఆ బరువుకి జ్వరం మందు ఎన్ని మిల్లీలీటర్లో సీసా మీదే పెన్నుతో రాయించుకోవడం, వాంతులకి మందు అవసరమా అని అడగడం. విదేశీ ప్రయాణానికి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఓడలో వైద్యం, ఓడ నుంచి తరలింపు అందులో ఉన్నాయో లేదో చదవండి.

కడుపులో తిప్పడం ఎందుకొస్తుందంటే, చెవి లోపల తూకం చూసే భాగం "కదులుతున్నాం" అంటుంది, గదిలో గోడని చూస్తున్న కళ్లు "లేదు, నిలకడగా ఉన్నాం" అంటాయి. మెదడు ఈ తగువు తీర్చలేక కడుపు మీద చూపిస్తుంది. చిత్రం, రెండేళ్లలోపు పిల్లల్ని ఇది పెద్దగా పట్టదు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్యే ఎక్కువ. మా పిల్ల సుబ్బరంగా ఇడ్లీ తింటుంటే, పక్క బల్ల మీద నాలుగేళ్ల బాబు, మా ఆయన, ఇద్దరూ తలలు పట్టుకుని కూర్చున్నారు.

మాటలు రాని పిల్ల "తిప్పుతోంది" అని చెప్పలేదు. మొహం పాలిపోవడం, ఊరికే ఆవలించడం, చొంగ ఎక్కువ కారడం, చల్లటి చెమట, ఇష్టమైన బిస్కెట్ కూడా తోసేయడం, ఇవే గుర్తులు. వెంటనే బయటి డెక్ మీదకి తీసుకెళ్లి, గాలి తగిలేలా నిలబడి, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత వైపు చూపించండి. ఫోన్లో రైమ్స్ చూపించొద్దు, తిప్పడం ఎక్కువవుతుంది. కడుపు నిండా పాలు పట్టకుండా, కొంచెం కొంచెంగా మరమరాలు, బిస్కెట్ లాంటి పొడి తిండి పెట్టండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. మన ఇళ్లలో బస్సు ప్రయాణానికి అవోమిన్ బిళ్ల పర్సులో పడేసుకోవడం అలవాటు. అందులో ఉండేది ప్రోమెథజీన్. రెండేళ్లలోపు పిల్లలకి ఆ మందు వేయకూడదు, ఊపిరి మందగించి ప్రాణం మీదకి వస్తుంది. "సగం ముక్క చాలు, పావు ముక్క చాలు" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు. పెద్దవాళ్లు చెవి వెనక అంటించుకునే పట్టీలు కూడా పిల్లలవి కావు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకేసారి బిళ్ల వేసుకుని మత్తుగా పడుకోకండి, ఒకరు పిల్లకి కాపలా ఉండాలి. పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడక్కుండా ఏదీ వేసుకోవద్దు.

ఓడల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే పేరుమోసిన వైరస్ నోరోవైరస్. శానిటైజర్‌కి అది సరిగా లొంగదు. సబ్బూ నీళ్లే గతి. మెట్ల కమ్మీలు పట్టుకుని, అవే వేళ్లు నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి తిండికి ముందు ప్రతిసారీ పిల్ల చేతులు సబ్బుతో కడగాల్సిందే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు పెట్టుకోండి, వాటి మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉండాలి. తియ్యటి పళ్లరసాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మే దందా మీద హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మొత్తాన్ని, దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. కంటి అంచనాతో సగం సగం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

5. సంచి

ఇంట్లో ఉగ్గు కాచుకునే కరెంటు కెటిల్ తీసుకెళ్దామని అందరికీ తోస్తుంది. నిప్పు భయంతో ఓడల్లోకి కెటిల్, ఇస్త్రీపెట్టె, కొన్ని రకాల ఎక్స్‌టెన్షన్ బోర్డులు రానివ్వరు, స్కానింగ్‌లో పక్కన పెట్టేస్తారు. దానికి బదులు మంచి స్టీలు ఫ్లాస్కు పట్టుకెళ్లండి. బఫేలో టీ కౌంటర్ దగ్గర వేడినీళ్లు నింపుకుంటే రాత్రి పాలకి, పొద్దున ఉగ్గుకి సరిపోతాయి. వండిన తిండి లోపలికి తేనివ్వకపోవచ్చు కానీ సీలు వేసిన పాలపొడి, పిల్లల ఆహారం విషయంలో పట్టుపట్టరు. రాగిపిండిని ఇంట్లో పొట్లం కట్టి పట్టుకెళ్లకండి, సీలున్నదే కొనండి.

ఓడ బాత్రూమ్‌లో బకెట్ ఉండదు, చెంబు ఉండదు, షవర్ ఒక్కటే. పుట్టినప్పటి నుంచి కాళ్ల మీద పడుకోబెట్టి, చెంబుతో నీళ్లు పోసి పెంచిన పిల్ల షవర్ చూసి కెవ్వుమంటుంది. గాలి ఊదే చిన్న టబ్బు, ఒక ప్లాస్టిక్ మగ్గు, ఈ రెండూ మా సంచిలో అన్నిటికన్నా విలువైన వస్తువులు. అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్లండి. ఓడ గదుల గోడలు చాలావరకు ఇనుప రేకువే, టోపీలు, తడి బట్టలు వేలాడదీయొచ్చు.

డైపర్లు ఇంట్లో రోజుకి వాడేవాటికి ఒకటిన్నర రెట్లు. ఓడ దుకాణంలో దొరికితే దొరుకుతాయి, మీ సైజు దొరకదు. స్ట్రోలర్ గొడుగులా మడతపడే సన్నటిదే ఉండాలి, పెద్దది గది తలుపులో పట్టదు. వేడుక హాల్లో స్పీకర్ల మోతకి పిల్ల చెవులకి పెట్టే హెడ్‌ఫోన్ ఒకటి. కాలికి పట్టు తప్పని చెప్పులు.

6. ఎక్కే రోజు

రాజాజీ సాలై వైపు నుంచి రేవులోకి వెళ్లేవాళ్లు ప్యారిస్ కార్నర్, బర్మా బజారు ట్రాఫిక్‌ని తక్కువ అంచనా వేయొద్దు. ఏ గేటో టికెట్ మీద చూసుకుని డ్రైవర్‌కి ముందే చెప్పండి, రేవుకి గేట్లు చాలా ఉన్నాయి. "హార్బర్" అంటే అతను తనకి తెలిసిన గేటుకే తీసుకెళ్తాడు. పిల్లకి ఇంట్లోనే అన్నం పెట్టి, వరసలో నిలబడే వేళ అది కునుకు తీసేలా బోర్డింగ్ స్లాట్ ఎంచుకోండి.

పెద్ద పెట్టెలు టర్మినల్‌లోనే తీసేసుకుంటారు. అవి స్కానింగ్ అయి గది ముందుకొచ్చేసరికి గంటలు పడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ డైపర్ల ప్యాకెట్లన్నీ పెద్ద పెట్టెలోనే సర్దాను, చేతి సంచిలో రెండే ఉన్నాయి. సాయంత్రం అయిదింటికి రెండోదీ అయిపోయింది. పెట్టె వచ్చింది ఏడున్నరకి. ఆ రెండున్నర గంటలు మా చిన్నది నా కాటన్ చున్నీని గోచీలా కట్టుకుని డెక్ మీద మహారాణిలా తిరిగింది, చూసిన ఒక తమిళ బామ్మగారు ముచ్చటపడి ఫొటో కూడా తీసుకున్నారు. మీరు మాత్రం ఆరు డైపర్లు, రెండు జతల బట్టలు, మందులు, పాలు, ఆ కుందేలు బొమ్మ చేతి సంచిలోనే ఉంచండి.

బయల్దేరేముందు మస్టర్ డ్రిల్, అంటే అపాయమొస్తే ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు ఉంటుంది. 2012లో కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ ఓడ మునిగాక నిబంధన బిగించారు, ఓడ కదిలేలోపో కదలగానేనో చేసి తీరాలి. అపాయం గుర్తు ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. గొంతు పెద్దది కాబట్టి పిల్ల జడుసుకుంటుంది, ముందే ఎత్తుకోండి. గదిలోకి వెళ్లగానే పసిపిల్లల లైఫ్ జాకెట్ ఉందా అని గది చూసుకునే స్టీవార్డ్‌ని అడగండి. బీరువాలో ఉండేవి మామూలుగా పెద్దవాళ్లవే. 24 గంటలు మించిన ప్రయాణంలో ఓడలో ఎంతమంది పసిపిల్లలుంటే అన్ని జాకెట్లు ఉండాలన్నది అంతర్జాతీయ నియమం, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఒకసారి తొడిగి బిగించి చూడండి. చీకట్లో మొదటిసారి తొడగడం మనవల్ల కాదు.

ఓడ కదిలాక ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఓడ సొంత శాటిలైట్ నెట్‌వర్క్‌కి ఫోన్ తగులుకుంటే రోమింగ్ బిల్లు కళ్లు తిరిగేలా వస్తుంది. పిల్లకి కావాల్సిన రైమ్స్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

7. గదిలో మొదటి పది నిమిషాలు

పెట్టెలు విప్పకముందే మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ఎత్తు నుంచి గదిని చూడండి. ఓడ తలుపులు ఇంటి తలుపుల్లా కావు, బరువైనవి, వాటంతటవే మూసుకుంటాయి. ఓడ ఒరిగినప్పుడు ఇంకా విసురుగా. మా చిన్నది బాత్రూమ్ తలుపు సందులో వేళ్లు పెట్టింది, నేను నా కాలు అడ్డం పెట్టాను. నా కాలి మీద ఆ నల్లమచ్చ ఊరొచ్చాక వారం ఉంది. తలుపు పైన మడతపెట్టిన తువ్వాలు వేస్తే పూర్తిగా మూసుకోదు. బాత్రూమ్ గుమ్మం కూడా ఎత్తుగా ఉంటుంది, నీళ్లు గదిలోకి రాకుండా. పిల్లలు అక్కడే తన్నుకుని పడతారు. గాజు గ్లాసులు, హెయిర్ డ్రయర్, మినీ బార్ సీసాలు పై అరలోకి ఎక్కించేయండి.

8. రోజు ఎలా గడపాలి

పొద్దున్నే లేచే పిల్లలుంటే ఓడలో అదృష్టవంతులు మీరే. ఆరింటికి డెక్ ఖాళీ. గాలి చల్లగా, నేల కడిగి తడిగా ఉంటుంది. బఫే తెరిచాక తొందరగా వెళ్తే ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, తొమ్మిదింటికి వెళ్తే తిరునాళ్లే. మధ్యాహ్నం పెరుగన్నం అడిగితే చేసిస్తారు. మొదటిపూట వడ్డించే అతనితో పరిచయం చేసుకుని, పిల్లకి కారం లేకుండా ఏం కావాలో ఒకసారి చెప్పండి, ఆ తర్వాత అతనే గుర్తుపెట్టుకుంటాడు.

కొలను గురించి ముందే మనసు రాయి చేసుకోండి. డైపర్ వయసు పిల్లల్ని, ఈత డైపర్ వేసినా సరే, చాలా ఓడల్లో పెద్ద కొలనులోకి దించనివ్వరు. ఆ డైపర్లు మలాన్ని పూర్తిగా ఆపవు, కొన్ని క్రిములు క్లోరిన్‌కి కూడా చావవు. పిల్లల కోసం నీళ్లు చిమ్మే చోటు విడిగా ఉంటే అక్కడ ఆడించండి. లేదంటే మన మగ్గు, డెక్ మీద షవర్ చాలు. మా పిల్ల అరగంటసేపు షవర్ కింద మగ్గు నింపడం, వాళ్ల నాన్న కాళ్ల మీద పోయడం, ఇదే పని. కొలను ఊసే ఎత్తలేదు. పదింటి నుంచి నాలుగింటి దాకా డెక్ మీద ఎండ చురుక్కుమంటుంది, నీళ్ల మీద పడి మళ్లీ మొహాన కొడుతుంది. ఆ వేళకి లోపలికి వచ్చేయండి.

మధ్యాహ్నం నిద్ర మాత్రం రాజీ లేదు. ఒంటిగంటకి గదిలోకి, లైటు ఆర్పేయాలి. ఒకరు పడుకోబెడితే మరొకరు స్వేచ్ఛగా తిరగొచ్చు, మర్నాడు మార్చుకోవచ్చు. సాయంత్రం షోకి వెళ్తే వెనక వరస చివరి సీట్లలో కూర్చోండి, ఏడుపు మొదలైతే నాలుగడుగుల్లో బయట ఉంటారు.

9. రేవు వచ్చిన రోజు

రేవులో అందరూ దిగిపోతారు. అప్పుడు ఓడ మొత్తం మీది. ఇది నాకు ముందు తెలిసుంటే ఒక్క టూరూ కొనేదాన్ని కాదు.

విశాఖలో 2023 సెప్టెంబరులో ప్రారంభించిన క్రూజ్ టర్మినల్ ఉంది, ఓడ నేరుగా గట్టుకే వస్తుంది, స్ట్రోలర్‌తో దిగడం తేలిక. దిగితే ఒక్క చోటే పెట్టుకోండి, బీచ్ రోడ్డు చాలు. కురుసుర జలాంతర్గామి పెద్దవాళ్లకి బాగుంటుంది కానీ లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దాటాలి, చంకలో పిల్లతో నడుం విరుగుతుంది. ఇంకో ప్రమాదం చుట్టాలు. "ఓడలో వచ్చి ఇంటికి రాకుండా పోతారా" అని మా పిన్ని అలిగింది. వెళ్తే భోజనం, తర్వాత కాఫీ, తర్వాత పసుపు కుంకుమ, ఈలోపు ఓడ ఎక్కే గడువు దాటుతుంది. ఓడ ఎవరికోసమూ ఆగదు. పిన్నినే బీచ్ రోడ్డుకి రమ్మన్నాం. గడువుకి గంటన్నర ముందే తిరుగుముఖం పట్టండి, గడియారంలో ఓడ సమయమే ఉంచుకోండి.

ఫుకెట్ లాంటి కొన్ని చోట్ల పెద్ద ఓడలు చాలాసార్లు దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో జనాన్ని గట్టుకి చేరుస్తాయి. అలలకి ఆ పడవా ఓడా చెరో వైపు ఊగుతుంటే చంకలో పిల్లతో కాలు మోపడం కత్తిమీద సామే. అలాంటి చోట పిల్లని గుండెకి కట్టుకునే క్యారియర్ వాడండి, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. అల పెద్దగా ఉంటే దిగకండి.

విశాఖలో పొద్దున మా ఆయన ఒక్కరే దిగి ఊరు చూసొచ్చారు. నేనూ చిన్నదీ కమ్మీల వెనక గాజు అద్దం దగ్గర కూర్చున్నాం. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద ఒక టగ్ బోటు. అది కూత పెట్టినప్పుడల్లా ఈవిడ "బూ" అని జవాబిచ్చేది. టగ్ వెళ్లిపోయింది, ఈవిడ ఆపలేదు. డెక్ తుడుస్తున్న అబ్బాయి కర్ర ఆపి తనూ ఒక "బూ" అన్నాడు. ఇక వాళ్లిద్దరికీ అదే ఆట. పన్నెండున్నరకి పెరుగన్నం, ఒంటిగంటకి నిద్ర.

10. దిగే ముందు రాత్రి

ఆఖరి రాత్రి పెద్ద పెట్టెలకి ట్యాగులు కట్టి గది బయట పెట్టమంటారు, పొద్దున టర్మినల్‌లో తీసుకోవాలి. సొంతంగా మోసుకెళ్లే వీలుంటే చిన్న పెట్టెలకి అదే మేలు. బిల్లు వివరాలు ఆ రాత్రే చూసుకోండి, పొద్దున కౌంటర్ దగ్గర వరస బారెడుంటుంది. పొద్దున్న వేసుకునే బట్టలు, డైపర్లు, చెప్పులు ముందు విడిగా తీసి మంచం మీద పెట్టి, ఆ తర్వాతే పెట్టెకి తాళం వేయండి.

మొదటిరోజు డైపర్ల దెబ్బ తిన్నాను కదా, ఈసారి డైపర్లు లెక్కపెట్టి మరీ పక్కన పెట్టాను. గౌను మర్చిపోయాను. రాత్రి పదకొండింటికి పెట్టెలు వెళ్లిపోయాయి. పొద్దున మా చిన్నది మామిడికాయల బొమ్మలున్న నైట్ డ్రెస్‌లో, ఒక్క కాలికే చెప్పుతో, కుందేలుని చెవి పట్టుకుని ఈడ్చుకుంటూ చెన్నై రేవులో దిగింది. గట్టు మీద నేల ఊగకపోయేసరికి రెండడుగులు వేసి, ఠక్కున ఆగి, కిందకి చూసింది. రెండో చెప్పు పెట్టెలో దొరికింది.